ఐదో ప్రశ్నకు ఆరు గళ్లు

లీలావతి పడిపోయినప్పుడు ఆ హాల్లో తొంభైమంది ఉన్నారు. ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు.

ఈ సంగతి ముందే చెప్పెయ్యడం మంచిది. తర్వాత వాళ్లు చేసిన పనికి చప్పట్లు కొట్టబోయేవాళ్లకు, ఆ వేళ వాళ్లు చెయ్యని పని కూడా తెలిసి ఉండాలి. గురుగ్రామ్ ఉద్యోగ్ విహార్‌లో నాలుగో అంతస్తు. మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. బయట ఎండ అద్దాలను మాడ్చేస్తోంది, లోపల ఏసీ చలికి జనం శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. నలభై ఎనిమిదేళ్ల లీలావతి మూడు గంటలుగా నిలబడి ఫోన్లు మాట్లాడుతోంది. నిలబడమన్నది కంపెనీ. ఆమె కుర్చీ తీసుకుపోయి గోడవార పెట్టింది కూడా కంపెనీయే. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుంది, రెండో చేత్తో హెడ్‌సెట్ తియ్యబోయింది, తియ్యలేక అలాగే కింద పడిపోయింది.

పక్క సీటు ఆండాళ్‌ది. ఇరవై ఆరేళ్ల పిల్ల, పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. లీలావతి తల నేలకు తగిలిన చప్పుడు మొదట విన్నది ఆమే. కానీ ఆ క్షణాన ఆమె చెవిలో జనగామ నుంచి ఒకాయన తన అభిమాన నాయకుడి గురించి చెబుతున్నాడు. ఆండాళ్ తల తిప్పి కిందికి చూసింది. చూస్తూనే "ఎందుకు ఇష్టమండీ?" అని అడిగింది. ఆయన చెప్పింది విని, 'పథకాలు' అన్న గడి నొక్కి, "థాంక్యూ సార్" అని, ఆ తర్వాత హెడ్‌సెట్ తీసింది. అప్పటికి ఊడ్చే దీదీ, గార్డు కలిసి లీలావతిని లేపి లిఫ్టు దాకా మోసుకుపోయారు.

ఆండాళ్‌కి ఏడుపు రాలేదు. సిగ్గు కూడా వెయ్యలేదు. మూడు సెకన్లలో ఇంకో ఫోను దానంతటదే కలిసింది. "నమస్కారమండీ" అంది.

ఆ కంపెనీ పేరుతో మనకు పని లేదు. ఈ పేరు చెడితే రేపు ఇంకో పేరు పెట్టుకుంటుంది. చేసే వ్యాపారం మాత్రం అదే: జనం మనసులో ఏముందో కనిపెట్టి పార్టీలకు అమ్మడం. రెండు తెలుగు రాష్ట్రాల ఓటర్లకు ఫోన్లు చెయ్యడానికి ఢిల్లీ చుట్టుపక్కల తెలుగువాళ్లను ఏరి తెచ్చుకుంది. ఉద్యోగాలు పోయిన సాఫ్ట్‌వేర్ వాళ్లు, సివిల్స్ తప్పి ఊరికి మొహం చూపించలేక ఉండిపోయినవాళ్లు, కంటోన్మెంటు క్వార్టర్లలో ఉండే జవాన్ల భార్యలు. ఈ ఆఫీసు హైదరాబాదులోనే పెట్టుకోవచ్చు కదా అంటారేమో. అక్కడైతే ప్రతి కుర్చీ వెనకా ఎవరి మనిషో ఉంటాడని వాళ్ల భయం. ఇక్కడ అందరూ పరాయివాళ్లే, ఎవరికీ ఎవరూ లేరు. వాళ్లకు కావలసింది అదే.

ఒక్కొక్కరు రోజుకు రెండు వందల ఫోన్లు చెయ్యాలి. ఒక్కో ఫోనుకు నూట పది సెకన్లు. మొదటి మూడు ప్రశ్నలు ఊరూ పేరూ వయసూ. నాలుగోది, అప్పటివాళ్లలో గానీ ఇప్పటివాళ్లలో గానీ మీకు ఇష్టమైన నాయకుడెవరు. ఐదోది, ఎందుకు. ఈ ఐదో ప్రశ్నకు తెర మీద ఆరు గళ్లుంటాయి: పథకాలు, అభివృద్ధి, మంచితనం, కులం, సినిమా అభిమానం, చెప్పలేరు. జనం ఏం చెప్పినా ఆ ఆరింటిలో ఒకదాంట్లో పడెయ్యాలి. రెండు రూపాయల బియ్యం వచ్చిన మొదటి రోజు మా అమ్మ అన్నం వండి మాకందరికీ కడుపునిండా పెట్టి, మేం తింటుంటే చూస్తూ కూర్చుంది, అందుకే ఎన్టీఆర్ అంటే ప్రాణం, అంటాడు ఒకడు. పథకాలు. సుందరయ్య పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవాడట, ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది, అంటాడు రిటైరైన పంతులు. మంచితనం. ఇందిరమ్మ మా వాడకొచ్చి మా ముసలమ్మ చెయ్యి పట్టుకుంది, అంటుంది ఇంకొకామె. అదీ మంచితనమే. గడి నొక్కడం, తర్వాతి ఫోను.

మూడు నిమిషాలు దాటిందా, గోడ మీది పెద్ద తెరలో పేరు ఎర్రగా వెలుగుతుంది. వెలిగినవాళ్లు మిగతా షిఫ్టంతా నిలబడే మాట్లాడాలి. నిలబడితే గొంతులో చురుకు వస్తుందని మేనేజరు భరద్వాజ్ చెబుతాడు. ఆయనకు తెలుగు వచ్చు, కానీ వాడడు.

ఆ గురువారం లీలావతి పేరు వెలగడానికి కారణం టెక్కలి పక్క ఒక ముసలాయన. తనకు వైఎస్ ఇష్టమన్నాడు. ఎందుకంటే, భార్యకు రాత్రివేళ నొప్పి వస్తే ఊళ్లో ఎవరి బండీ రాలేదు, నూట ఎనిమిది బండి వచ్చింది. ఆమె దార్లోనే పోయింది. అయినా బండి వచ్చింది కదా తల్లీ, మా గుమ్మం దాకా వచ్చింది కదా, అని ఏడ్చాడు. లీలావతిదీ ఆ పక్కే. ఫోను కట్ చెయ్యలేకపోయింది. పదకొండు నిమిషాలు విన్నది. షుగరు మనిషి, కాళ్లు వాచి ఉన్నాయి, నిలబడలేనని భరద్వాజ్‌కి చెప్పింది. రూల్ ఈజ్ రూల్ అన్నాడాయన.

మర్నాడు ఆమె కార్డు గేటు దగ్గర పనిచెయ్యలేదు. మీ కాంట్రాక్టు ముగిసింది అని ఫోనులో రెండు లైన్లు వచ్చాయి. లీలావతి భర్త హవల్దారుగా రిటైరయ్యాక మంచం పట్టాడు. కూతురు స్నిగ్ధ ధౌలా కువాన్‌లో కాలేజీ రెండో ఏడు చదువుతోంది. ఆ ఉద్యోగం పోతే ఆ పిల్ల చదువు ఆగిపోతుంది. ఈ విషయం హాల్లో అందరికీ తెలుసు. ఎందుకంటే లీలావతి కూతురి మార్కుల గురించి చెప్పని రోజు లేదు.

ఆ సాయంత్రం డుండాహేరా పార్కు పక్కన టీ బండి దగ్గర జనం చేరారు. చేరడమే ఒక వింత. ఆ తొంభైమందీ ఒకచోట నిలబడి టీ తాగి ఎరగరు. సైకిలు వాళ్లు ఒక మూల, ఫ్యాను వాళ్లు ఒక మూల, గులాబీ వాళ్లు, చెయ్యి వాళ్లు, గ్లాసు వాళ్లు ఎవరికి వాళ్లే. ఎవరి నాయకుడి పుట్టినరోజు వస్తే వాళ్లకు కంపెనీ ఇరవై నిమిషాలు సెలవిచ్చి కేకు తెప్పిస్తుంది. ఎంత మంచి కంపెనీ అనుకున్నారు. కేకు కోసి, ఫొటోలు దిగి, అవతలి వాళ్ల నాయకుడిని నాలుగు తిట్టుకుని మళ్లీ హెడ్‌సెట్లు పెట్టుకునేవాళ్లు. సొంత కుర్చీ లాగేస్తుంటే నోరు లేవని మనుషులు, ఎక్కడో వెయ్యి మైళ్ల అవతల ఉన్న నాయకుడిని ఒక మాటంటే కాలరు పట్టుకునేవాళ్లు. ఇంతకన్నా కంపెనీకి కావలసిందేముంది?

టీ బండి దగ్గర ఉదయ్‌కిరణ్ మాట్లాడాడు. గుంటూరు కుర్రాడు, రెండుసార్లు సివిల్స్ ఇంటర్వ్యూ దాకా వెళ్లి వచ్చినవాడు. మాట్లాడితే వినబుద్ధేస్తుంది. మనం మనుషులం, గళ్లు నొక్కే వేళ్లం కాదు అన్నాడు. లీలావతి ఆంటీని తిరిగి తీసుకునేదాకా నేను నిద్రపోను అన్నాడు. జనం ఊగిపోయారు. ఆండాళ్ కూడా చప్పట్లు కొట్టింది. కొడుతుంటే ఆమెకు కలిగింది ఉత్సాహం కాదు, ఊరట. హమ్మయ్య, ఇక ఇతను చూసుకుంటాడు అనుకుంది.

పెద్ద తప్పు జరిగింది అక్కడే. ఆ తప్పు మనవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు. పడుకునే వేళకల్లా ఉదయ్‌కిరణ్ ఫొటో తొంభైమంది స్టేటస్‌ల్లో ఎక్కింది. పిడికిలి బిగించిన ఫొటో, వెనక ఉదయించే సూర్యుడు, కింద 'మన గొంతు ఉదయన్న' అని ఎర్రక్షరాలు. అతని పుట్టినరోజు ఎప్పుడని కూడా ఎవరో అడిగారు. రోజంతా జనాన్ని నాయకుల గురించి అడిగి అడిగి, సాయంత్రానికి తమకూ ఒకణ్ణి తయారు చేసుకున్నారు.

సోమవారం పొద్దున అందరి సంతకాలున్న కాగితం పట్టుకుని ఉదయ్‌కిరణ్ భరద్వాజ్ గదిలోకి వెళ్లాడు. పదకొండింటికి వెళ్లినవాడు పన్నెండున్నరకు బయటికొచ్చాడు. వచ్చి తన సీటుకు పోలేదు. గోడవార అద్దాల గదిలో క్వాలిటీ లీడ్ కుర్చీ ఉంది, అందులో కూర్చున్నాడు. ఎవరి పేరు ఎర్రగా వెలిగిందో చూసి నిలబెట్టించే కుర్చీ అది.

లోపలుండి పోరాడతానని చెప్పుకొచ్చాడు. లీలావతి సంగతి పై నుంచి చూస్తున్నారన్నాడు. భోజనాల దగ్గర ఫ్యాను బల్ల నుంచి మల్లికార్జున అనే అనంతపురం మనిషి, మీ సైకిలోళ్లంతా ఇంతే అని ఎత్తిపొడిచాడు. సైకిలు బల్ల వాళ్లు లేచారు. ప్లేట్లు విసురుకున్నారు. పప్పు గోడకు కొట్టుకుని కారింది. భరద్వాజ్ గుమ్మంలో నిలబడి ఒక్క మాటా అనకుండా చూసి వెళ్లిపోయాడు. ఆయన అనవలసిన అవసరం ఏముంది? పని వాళ్లే చేసిపెడుతున్నారు.

ఆ తర్వాత మూడు రోజులు హాల్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆండాళ్ పొద్దున వచ్చేది, నమస్కారమండీ అనేది, సాయంత్రం పోయేది. పక్క సీటు ఖాళీ. దాని వైపు చూసినా లోపల ఏమీ కదిలేది కాదు. రూముకు పోయి గోడకు ఆనుకుని కూర్చునేది. అమ్మ ఫోను చేస్తే 'ఆఁ, తిన్న' అనేది. తిన్నదో లేదో గుర్తుండేది కాదు.

శుక్రవారం పదిన్నరకు సూర్యాపేట పక్క ఒక ఊరు కలిసింది. నాగేంద్రమ్మ, అరవై రెండేళ్లు, కూలి. ఇష్టమైన నాయకుడంటే, చనిపోయిన తమ పాత ఎమ్మెల్యే పేరు చెప్పింది. ఎందుకమ్మా అంటే, ఇంటిజాగ పట్టా ఇచ్చాడంది. ఆండాళ్ వేలు 'పథకాలు' మీదికి పోయింది. నలభై సెకన్లు కూడా కాలేదు. అంత ముందుగా అయిపోయిందని కాబోలు, తెర మీద లేని ప్రశ్న ఒకటి ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"ఎట్ల ఇచ్చిండమ్మా?"



"గిది ఇంతవరకు ఎవరడగలె బిడ్డా. ఎట్ల ఇచ్చిండంటే, మేం కూసున్నం. ఎమ్మార్వో ఆఫీసు ముంగట పొయ్యిలు పెట్టుకొని, పిల్లల్నేసుకొని నలభై రోజులు కూసున్నం. వాన పడ్డది, కూసున్నం. పోలీసోళ్లు పొయ్యిలు తన్నిండ్రు, మళ్ల పెట్టుకున్నం. నలభై ఒకటో నాడు ఆయన జీపు దిగిండు."

మీలో లీడర్ ఎవరని ఆండాళ్ అడిగింది. నాగేంద్రమ్మ నవ్వింది. మొదట్లో ఒకాయన ఉండేవాడట, మంచి మాటకారి. పదో రోజుకే ఆయనకు రేషను షాపు రాసిచ్చారు, ఆయన లేచిపోయాడు. రెండు రోజులు అందరూ తలకాయ పట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఆడవాళ్లంతా కలిసి, ఇక ఎవరినీ లోపలికి పంపేది లేదు, పిలిస్తే అందరం పోదాం, లేకపోతే ఎవ్వరం పోవద్దు అనుకున్నారు. "ఎవరిని కొనాల్నో వాళ్లకు సమజ్ కాలె" అంది.

గోడ మీద ఆండాళ్ పేరు ఎర్రగా వెలిగింది. ఆమె చూసింది. చూసి, మళ్లీ అడిగింది. మీరు కూర్చుంటే వచ్చింది కదా, మరి ఆయనంటే ఎందుకు అంత ఇష్టం?

"వచ్చిండు గద బిడ్డా. పెద్దోడు, మా దాంక వచ్చిండు. ఇంట్ల ఫొటో ఉన్నది, దండేస్త. ఇష్టమే. గని నువ్వు రాసుకునేటప్పుడు మేం కూసున్నది గూడ రాసుకో."

ఆండాళ్ తెర వైపు చూసింది. ఆరు గళ్లున్నాయి. రోజుకు రెండు వందలసార్లు చూసే గళ్లే. వాటిలో ఎక్కడ రాయాలి? ఆ జీపు దిగినవాడికి ఆరు గళ్లు కట్టిన ఈ కంపెనీ, వాన్లో కూర్చున్నవాళ్లకు ఒక్క గడి కూడా కట్టలేదు. ఇన్నాళ్లూ తన వేలితో తానే ఎందరిని తుడిచేసిందో ఆమెకు అప్పుడు తట్టింది. ఎనిమిది రోజుల తర్వాత ఆమె కళ్లు మండాయి.

ఉదయ్‌కిరణ్ అద్దాల గదిలోంచి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె మొహంలోకి చూడలేక కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, ప్లీజ్ ఆండాళ్, లే, నా చేతుల్లో లేదు అన్నాడు. ఆమె లేచింది. అతను కుర్చీ లాక్కుపోయాడు. ఆమె ఫోను కట్ చెయ్యలేదు. చెప్పమ్మా, నలభై రోజులు తిండికేం చేసిన్రు అని అడిగింది. నాగేంద్రమ్మ చెప్పడం మొదలుపెట్టింది.

రెండు వరసల వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. మల్లికార్జున లేచి నిలబడ్డాడు. గోడ మీద అతని పేరు వెలగలేదు. అతన్ని ఎవరూ నిలబడమనలేదు. కుర్చీని కాలితో వెనక్కి నెట్టి, నిలబడే మాట్లాడుతున్నాడు. ఆండాళ్ మైకు మూసి, నువ్వెందుకు లేచినవన్నా అని అడిగింది.

"కాళ్లు తిమ్మిరెక్కినాయిలేమ్మా" అన్నాడు.

తర్వాత సైకిలు వరసలో ఒకామె లేచింది. నాలుగు రోజుల కింద మల్లికార్జున మీద పప్పు ప్లేటు విసిరింది ఆమే. ఆమె పక్కన ఇద్దరు. గులాబీ వరస అంతా ఒక్కసారి లేచింది. సభ జరగలేదు, నినాదం లేదు, ఎవరూ సైగ చెయ్యలేదు. పది నిమిషాల్లో తొంభైమందీ నిలబడి ఉన్నారు. శిక్షంటే నిలబెట్టడమే కదా. అందరూ నిలబడ్డాక ఇంకేం మిగిలింది? ఇక ఫోను కట్ చెయ్యవలసిన పని ఎవరికుంది?

అప్పుడు విన్నారు. ఏడాదిగా ఆ హాల్లో కూర్చున్నవాళ్లు ఆ రోజు మొదటిసారి జనం చెప్పేది చివరిదాకా విన్నారు. పథకం ఇచ్చాడన్నవాణ్ణి ఎలా వచ్చిందని అడిగితే, గ్రామసభలో మైకు గుంజుకున్న ఆడవాళ్ల పేర్లు చెప్పాడు. కేసీఆర్ అంటే అభిమానం అన్న ఒక కుర్రాడిని అడిగితే, రాష్ట్రం కోసం తాను పదో తరగతిలో రైలు పట్టాల మీద కూర్చున్న సంగతి చెప్పాడు, ఆనాటి స్నేహితుల పేర్లన్నీ చెప్పాడు. చంద్రబాబు రోడ్డేయించాడన్న పాలమనిషి, రోడ్డు కోసం ఊరంతా ఓట్లు వెయ్యబోమని భీష్మించుకున్న సంగతి చెప్పాడు. ఒక ముసలాయన మాత్రం, "నాకెవరూ ఇష్టం లేదు, నేనూ ఎవరికీ ఇష్టం లేను" అని ఊరుకున్నాడు. మల్లికార్జున ఆయనతో ఇరవై నిమిషాలు మాట్లాడాడు.

గోడంతా ఎర్రగా ఉంది. తొంభై పేర్లు. సాయంత్రం ఐదింటికి ఏదో పార్టీకి పద్దెనిమిది వేల గళ్ల లెక్క పంపాలి. పన్నెండింటికి నాలుగు వేలు కూడా దాటలేదు. భరద్వాజ్ హాలు మధ్యకు వచ్చి కూర్చోమన్నాడు. ఎవరూ కూర్చోలేదు. గార్డుల చేత కుర్చీలు తిరిగి వేయించాడు. కుర్చీల పక్కనే నిలబడ్డారు. అప్పుడు ఆయనకు తెలుగు వచ్చింది.

"ఏం కావాలి మీకు?"

ఏం అడగాలో వాళ్లు ముందుగా అనుకోలేదు. ఎక్కడో కిటికీ దగ్గర నుంచి ఒక ఆడగొంతు "లీలావతి" అంది. ఇంకెవరో "లీలావతి ఆంటీ" అన్నారు. హాలంతా ఆ పేరే అంది. అరవలేదు. హాజరు పిలిచినట్టు ఒకరి తర్వాత ఒకరు అన్నారు.

ఆయన తల ఊపాడు. సరే, ఒక్కరు నాతో క్యాబిన్‌లోకి రండి, మాట్లాడదాం అన్నాడు. చూపు ఆండాళ్ మీదే ఆగింది. రా అమ్మా, నువ్వే రా, నీకు మంచి భవిష్యత్తుంది అన్నాడు. ఆండాళ్ ఆ క్యాబిన్ తలుపు వైపు చూసింది. వెళ్తే ఏమవుతుంది? వెళ్లి లీలావతి ఉద్యోగం అడిగి తీసుకురావచ్చేమో. ఉదయ్‌కిరణ్ కూడా ఇలాగే అనుకుని వెళ్లి ఉంటాడు. అతనేం పుట్టుకతో ద్రోహి కాదు. ఆ గది అలాంటిది.

"అందరం వస్తం సార్" అంది ఆండాళ్. "లేకుంటే ఎవ్వరం రాం. ఏం చెప్పేదున్నా ఇక్కడ్నే చెప్పున్రి."

భరద్వాజ్ మళ్లీ ఇంగ్లీషులోకి వెళ్లిపోయాడు. ఫోన్లు కలిపే మిషను ఆపించాడు. తొంభై హెడ్‌సెట్లు ఒక్కసారిగా మూగబోయాయి. గంటలోపల తొంభై కార్డులు చచ్చిపోయాయి. గార్డులు ఒక్కొక్కరినీ మెట్ల మీదుగా కిందికి దింపి గేటు బయట వదిలారు. రేపటి నుంచి రానవసరం లేదన్నారు.

ఆండాళ్ రూముకు పోయి పడుకుంది. నిద్ర పట్టలేదు. ఏం చేశాను అనుకుంది. ఒక మనిషి ఉద్యోగం కోసం పోయి తొంభైమంది ఉద్యోగాలు తీశాను కదా అనుకుంది. భయం వేసింది. ఆ భయం కూడా బాగానే ఉంది, కనీసం ఏదో ఒకటి తెలుస్తోంది.

తెల్లారి ఎనిమిదింటికి గేటు దగ్గరికి ఒక్కతే పోయింది. అప్పటికే మల్లికార్జున ఉన్నాడు. పప్పు ప్లేటు విసిరిన ఆమె ఉంది. ఎనిమిదిన్నరకు ఇరవై, తొమ్మిదికి అరవై దాటారు. మిగతావాళ్లు రాలేదు. రారు కూడా, కొందరు ఊరికి టికెట్లు చూసుకుంటున్నారని తెలిసింది. అరవై మందే చాలా ఎక్కువ. ఇద్దరు పోలీసులు మోటారు సైకిలుకు ఆనుకుని చూస్తున్నారు. ఇక్కడ గుమిగూడొద్దని ఒకసారి చెప్పి ఊరుకున్నారు. పక్క బిల్డింగు ఊడ్చే ఆడవాళ్లు ఆగి, క్యా హువా దీదీ అని అడిగి, విని, కాసేపు వీళ్లతో నిలబడి పనికి పోయారు.

తొమ్మిదింబావుకు ఆటో ఆగింది. రాత్రి ఎవరో ఫోను చేసి సంగతి చెబితే వచ్చిన లీలావతి దిగింది. కాళ్లకు చెప్పులు పట్టక కూతురి పాత సాండల్స్ వేసుకుంది. స్నిగ్ధ చెయ్యి పట్టుకుని దింపింది. టీ బండివాడు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. లీలావతి కూర్చుని అందరి మొహాలూ ఒకసారి చూసింది. ఆండాళ్ ఆమె ముందు నిలబడింది. నువ్వు పడ్డప్పుడు నేను లేవలేదక్కా అని చెప్పాలని రాత్రంతా అనుకుంది. చెప్పబోయి, కుర్చీ పక్కన కూలబడి భోరున ఏడ్చింది. ఆ ఏడుపు తొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చింది. లీలావతి ఆమె తల మీద చెయ్యి వేసి, ఊరుకోమని అనకుండా, ఏడ్చినంతసేపూ ఊరుకుంది.

అంతలో మెట్రో స్టేషను వైపు నుంచి నాలుగు కార్లు వచ్చాయి. కంపెనీ కార్లే. ముందు సీట్లో ఉదయ్‌కిరణ్ ఉన్నాడు. వెనకంతా కుర్రాళ్లు, అమ్మాయిలు, మెడల్లో కొత్త తాళ్లు, కొత్త కార్డులు. ఢిల్లీలో సివిల్స్‌కి చదువుకునే ఓల్డ్ రాజిందర్ నగర్ రీడింగ్ రూముల్లోంచి తెలుగు పిల్లల్ని తెల్లారేసరికి ఏరుకొచ్చారు. రాజకీయ పరిశోధనలో ఇంటర్న్‌షిప్ అని చెప్పారట, బయోడేటాలో రాసుకోవచ్చన్నారట. ఈ అరవైమంది స్థానంలో వీళ్లు కూర్చుంటారు, సాయంత్రానికి గళ్లు నిండుతాయి, లీలావతి పేరు ఇక ఎవరికీ గుర్తుండదు. గేటు దగ్గర నిలబడ్డ ప్రతి ఒక్కరికీ ఆ సంగతి అర్థమైంది.

మల్లికార్జున కారుకు అడ్డంగా పోయి నిలబడ్డాడు. పోలీసులు ఆనుకున్న చోటు నుంచి లేచారు. ఉదయ్‌కిరణ్ అద్దం పైకెత్తుకున్నాడు. వెనక సీట్లో కళ్లద్దాల అమ్మాయి తన వైపు అద్దం దించింది. కార్డు మీద పేరు ప్రత్యూష అని ఉంది. ఇరవై రెండేళ్లుంటాయి. గేటు దగ్గర తెలుగు వినపడేసరికి తల బయటికి పెట్టి, ఏమైందండీ, ఎందుకు నిలబడ్డారు అని అడిగింది.

లీలావతి కుర్చీలో నుంచే చెప్పింది. టెక్కలి ముసలాయన దగ్గర మొదలుపెట్టింది. ఆయన భార్య నొప్పి, రాని బళ్లు, వచ్చిన బండి, పదకొండు నిమిషాలు, గోడవార పెట్టిన కుర్చీ, నేలకు తగిలిన తల, పనిచెయ్యని కార్డు. తొందరపడలేదు. గుర్తొచ్చిందల్లా చెప్పింది. కార్ల వెనక కార్లు ఆగి హారన్లు కొడుతున్నాయి. ఉదయ్‌కిరణ్ డ్రైవరు భుజం తట్టి పోనీ పోనీ అంటున్నాడు. డ్రైవరు భయ్యా ఇంజను ఆపేసి తాళం చెవి జేబులో వేసుకున్నాడు. అతనికి తెలుగు రాదు, కానీ లీలావతి కాళ్లు కనపడుతూనే ఉన్నాయి.

చెప్పడం అయిపోయాక ఆ అమ్మాయి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పక్కనున్నవాళ్ల వంక చూసింది. వాళ్లు ఆమె వంక చూశారు. తర్వాత, పరీక్షలకు చదివే పిల్ల కదా, అడగవలసిన ప్రశ్నే అడిగింది.

"మీ లీడర్ ఎవరాంటీ? ఎవరితో మాట్లాడాలి మేము?"

"చెప్తాన్లే గానీ" అంది లీలావతి, "ముందు నువ్వు కారు దిగమ్మా."

పోలీసాయన దగ్గరికొచ్చి, గాడీ ఆగే బఢావో, బండి పోనివ్వు అని బానెట్ మీద లాఠీతో కొట్టాడు. ప్రత్యూష తలుపు తెరిచి రోడ్డు మీద కాలు పెట్టింది.